చీటీ గడువు దాటినా మందులిచ్చే ఫార్మసిస్ట్: ఏళ్లుగా వాడుతున్న పేషెంట్ రివ్యూ

నాకు బీపీ, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, రెండింటికీ రోజూ మాత్ర పడాల్సిందే. డాక్టర్ రాసిన మందుల చీటీ గడువేమో మనం గమనించేలోపే అయిపోతుంది, డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం అడిగిన వెంటనే దొరకదు. ఈ మధ్యలో మందు ఆగకుండా ఫార్మసిస్టే ఇచ్చే పద్ధతిని చాలా ఏళ్లుగా వాడుకుంటున్నాను. ఉండాల్సిన పద్ధతే అంటాను, కానీ ఇచ్చే మనిషిని బట్టి దీని విలువ పూర్తిగా మారిపోతుంది.

మందు ఆగితే జరిగే నష్టం అన్నిటికీ ఒకేలా ఉండదు. థైరాయిడ్‌కి వాడే లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, ఒకరోజు తప్పినంత మాత్రాన కొంప మునగదు. అదే బీపీకి, గుండెకి వాడే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మందు ఉన్నట్టుండి ఆపేస్తే గుండె దడ, బీపీ ఒక్కసారిగా పెరగడం, గుండెజబ్బు ఉన్నవాళ్లకైతే ప్రాణం మీదికే రావచ్చు. ఫిట్స్ మందులు, చాలాకాలంగా వాడే స్టెరాయిడ్ల సంగతీ అంతే. రేపటి నుంచి సెలవులు అనగా "డాక్టర్‌ని కలిసి రండి" అని పంపించేస్తే ఆ నాలుగు రోజులకు పూచీ ఎవరిది?

ఈ ఇబ్బంది గుర్తించే కొన్ని దేశాలు దీన్ని రూల్స్‌లో పెట్టాయి. బ్రిటన్‌లో ఫార్మసిస్ట్ పేషెంట్‌తో మాట్లాడి, అంతకుముందు డాక్టర్ రాసిన మందేనని తేల్చుకుని, అత్యవసరమైతే మామూలుగా 30 రోజులకు మించకుండా ఇవ్వొచ్చు. ఆస్ట్రేలియాలో 2012లో గర్భనిరోధక మాత్రలు, కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్లతో మొదలుపెట్టి, 2020లో కార్చిచ్చులు, కోవిడ్ వచ్చినప్పుడు జాబితా పెంచారు.

ఇక నా అనుభవం. ఒక ఫార్మసిస్ట్ నేనిచ్చిన పాత బీపీ మాత్రల స్ట్రిప్‌ని వెనక్కి తిప్పి చూసి, "ఇదివరకు ఉత్త టెల్మిసార్టాన్ కదండీ, ఈ 'హెచ్' ఎప్పుడు కలిపారు?" అని అడిగారు. పేరు చివర ఆ ఒక్క అక్షరం ఉంటే అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే ఇంకో మందు ఉన్నట్టు. డాక్టరే మార్చారని చెప్పాక, రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు, కళ్లు తిరుగుతున్నాయా, నొప్పి మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని ఇంకో మూడు ప్రశ్నలు. వెనక క్యూలో వాళ్లు విసుక్కున్నారు, నాకు మాత్రం ప్రాణం హాయిగా అనిపించింది. ఇంకో చోట ఫోన్‌లో స్ట్రిప్ ఫొటో చూపిస్తే తల ఎత్తకుండా కత్తెరతో సగం స్ట్రిప్ కోసి ఇచ్చారు. గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఏళ్లుగా అదే మాత్ర, అదే మోతాదు, సంతకం కోసం డాక్టర్ దగ్గరికి ఎందుకు అనేవాళ్లు చాలామంది. సగం ఒప్పుకుంటాను. వెయిటింగ్ హాల్లో గంటలు కూర్చుంటే లోపల జరిగేది రెండు నిమిషాల పనే కావొచ్చు. కానీ బరువు మారినా, గర్భం వచ్చినా థైరాయిడ్ మోతాదు మారుతుంది, అది టీఎస్‌హెచ్ టెస్టులో తేలాల్సిందే గానీ మనకు కులాసాగా ఉన్నంత మాత్రాన సరిపోయినట్టు కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ టెస్టు చూసుకోకుండా నెలలు లాగించకూడదు. కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ని పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలు పోవచ్చు. ఇలాంటివాటికి మాత్రం ఈ సౌకర్యం కొద్ది రోజులకే ఉంటే మేలు.

నా అసలు కంప్లైంట్ వేరే ఉంది. ఫార్మసిస్ట్ ఇచ్చిన సంగతి డాక్టర్ దాకా చేరదు. డాక్టర్ దగ్గరున్న రికార్డు ప్రకారం నేను నెల రోజులు మందు మానేసినట్టే, బీపీ కాస్త ఎక్కువ చూపిస్తే "మాత్రలు సరిగా వేసుకోవట్లేదా?" అన్నదే మొదటి ప్రశ్న. మందు పేరు, మోతాదు, తేదీ, ఎన్ని ఇచ్చారో ఓ కాగితం మీద రాసి ముద్ర వేస్తే ఈ గొడవ ఉండదు. అడిగితే కొందరు రాసిస్తారు, కొందరు బిల్లు చూపించుకోండి అంటారు, ఆ బిల్లు మీద అక్షరాలేమో డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజుకి సగం చెరిగిపోయి ఉంటాయి.