వాడనట్టున్న పాత షూలు కొంటున్నారా? ముందు సోల్ నొక్కి చూడండి

ఎండాకాలం లేత రంగు బట్టల మీదకి సెకండ్‌హ్యాండ్ షూలు వెతుక్కుంటున్నవాళ్లు ఇది చదివాకే డబ్బులు పంపండి. నాకు 1,400 రూపాయలు పోయాయి, దాంతోపాటు ఒక మంచి లినెన్ ప్యాంటు పాడైంది.

మే నెల హైదరాబాద్ ఎండకి నేను వేసేవి రెండు మూడు రంగులే. మీగడ రంగు మంగళగిరి కుర్తాలు, గోధుమ రంగు లినెన్ ప్యాంటు, గంధం రంగు చున్నీ, ఒక పొందూరు ఖద్దరు టాప్. ఏది దేని మీదకైనా నప్పుతుంది, చెమట పట్టినా ఒంటికి అతుక్కోదు. వీటి కింద నల్ల షూలు వేస్తే చూపంతా కాళ్ల మీదే పడుతుంది. మడమ నొప్పి వల్ల పల్చటి చెప్పులు నాకు పడవు. అందుకని మెత్తటి సోల్ ఉన్న ఇసుక రంగు వాకింగ్ షూల కోసం నెల రోజులు వెతికాను. కొత్తవి ఐదారు వేలు చెప్తున్నారు. పాత షూలు అమ్మే ఒక ఆన్‌లైన్ పేజీలో "ఒక్కసారే వేసుకున్నవి, డబ్బాతో సహా" అని ఒక జత కనబడింది. సోల్ మీద గీత కూడా లేదు. వచ్చాక హాల్లో నాలుగడుగులు వేస్తే దూది మీద నడిచినట్టే ఉంది.

ఆ ఆదివారం అమ్మని సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్లాను. సంగీత గడియారంలోంచి బొమ్మ వచ్చి పన్నెండు గంటలు కొడుతుంటే చూద్దామని కూర్చున్నాం. సెక్యూరిటీ ఆయన వచ్చి, "అమ్మా, మీ బూట్లలోంచి ఏదో రాలుతోంది" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే మేం నడిచొచ్చిన దారంతా లేత పసుపు ముక్కలు, టీలో నానిన బిస్కెట్ విరిగినట్టు. మడమ దగ్గర వేలు పెడితే లోపలికి దిగిపోయింది, బంకలా అంటుకుంది. అమ్మ కంగారుగా తన చెప్పులు విప్పివ్వబోయింది. వద్దని, ఎడమ షూని చున్నీతో కట్టుకుని నయాపూల్ దాకా ఈడ్చుకుంటూ వచ్చి రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను. ఆ బంక ప్యాంటు అంచులకి అంటింది. ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు.

మా వీధిలో చెప్పులు కుట్టే తాత చూసి, "అతకడానికి లోపల ఏముందమ్మా, అంతా పిండైపోయింది" అన్నాడు.

తర్వాత ఆరా తీస్తే కారణం తెలిసింది. చాలా మెత్తటి షూల సోల్‌లో ఉండేది పాలీయూరిథేన్, షాపువాళ్లు పీయూ అంటారు. గాలిలో తేమ తగిలి అది ఏళ్ల తరబడి లోలోపలే విరిగిపోతూ ఉంటుంది. వేడి, ఉక్కపోత తోడైతే ఇంకా త్వరగా పోతుంది. డబ్బాలో దాచినంత మాత్రాన అది ఆగదు. షూ నాలుక, అంటే లేసుల కింద ఉండే పట్టీ, దాని లోపలి లేబుల్ అప్పుడు చూశాను, తయారైన తేదీ 2015. పైన ఒక్క గీత లేదు, లోపల పదేళ్ల ముసలిది. అందుకే చెప్తున్నాను, కాస్త అరిగిన జత కంటే అసలు వాడనట్టు మెరిసే పాత జతనే ఎక్కువ అనుమానించండి.

చాలా స్పోర్ట్స్ షూలకి ఆ లేబుల్ మీద తేదీ ఉంటుంది. దాని ఫొటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. చేతికొస్తే సోల్ పక్క భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి, మధ్యకి వంచండి. సన్నటి పగుళ్లు, పొడి, జిగురు, ఏది కనబడినా వద్దు. ఈవీఏ అనే ఇంకో రకం మెత్తటి నురుగు సోల్ ఇలా పొడి కాదు గానీ అణిగిపోయి గట్టిపడి ఉండొచ్చు, అదీ నొక్కితేనే తెలుస్తుంది. రబ్బరు సోల్ ఉన్న కాన్వాస్ షూలైతే నాకు ధైర్యం. రంగు వేసి కొత్తగా చేసిన తోలు షూలూ ఉంటాయి, తడి తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకి రంగు అంటితే రేపు మీ ప్యాంటుకీ అంటుతుంది. లోపలి ఇన్‌సోల్ మాత్రం ఎలాంటి జతకైనా మార్చేయండి.

అమ్మినామెకి ఫొటోలు పంపితే, "పంపేటప్పుడు బాగానే ఉన్నాయి కదక్కా" అని ఒక్క మెసేజ్ పెట్టి బ్లాక్ చేసింది. అది వ్యాపారంగా నడుపుతున్న పేజీ కాబట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. నిన్న రాత్రి మా చెల్లి ఫోన్‌లో ఆ పేజీ చూస్తే అదే మోడల్, సైజు 6, మళ్లీ అమ్మకానికుంది. కింద రాసిందీ అదే మాట, ఒక్కసారే వేసుకున్నవని. ఇద్దరు అప్పటికే రేటు అడుగుతున్నారు.