తెల్లపూత మళ్లీ మళ్లీ వస్తుంటే: ఆపకుండా మందా, వచ్చినప్పుడే మందా?

నాలుక మీద పాలు విరిగినట్టు తెల్లటి పొర. గీకితే ఊడి వస్తుంది, కింద ఎర్రగా ఉంటుంది, ఒక్కోసారి నెత్తురు కూడా కనిపిస్తుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో సీడీ4 (రోగనిరోధక కణాల) సంఖ్య 200 కంటే దిగితే కాండిడా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) ఎక్కువగా ఇలా పట్టుకుంటుంది. ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు వేసుకుంటే తగ్గుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. అప్పుడే ఈ సందేహం: వచ్చినప్పుడల్లా వాడాలా, అసలు రాకుండా ఆపకుండా వాడాలా?

ఆపకుండా వాడితే పూత తక్కువసార్లు వస్తుంది. అన్నవాహికలోకి పాకి, గుక్కెడు నీళ్లు మింగడానికే భయపడినవాళ్లకు అది చిన్న ఊరట కాదు. అసలు టెన్షన్ ఏంటంటే, మందు పనిచేయకుండా పోతుందేమోనని. ఫ్లూకోనజోల్ కాండిడాను మామూలుగా చంపదు, దాని కణం పొరకు కావాల్సిన ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకుని పెరగనివ్వదు, అంతే. బతికున్న ఈస్ట్ దారి వెతుక్కుంటుంది. మందు అతుక్కునే ఎంజైమ్‌ను మార్చుకుంటుంది, లోపలికి వచ్చిన మందును పంపుతో తోడినట్టు బయటికి తోసేస్తుంది. ఒకే రోగి నోటి నుంచి రెండేళ్లలో తీసిన 17 నమూనాలను పరిశీలిస్తే, అదే ఈస్ట్ మెట్టు మెట్టుగా మొండికెత్తడం కనిపించింది.

మరి ఆపకుండా వాడితే ప్రమాదమేనా? 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో 829 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి మూడుసార్లు ఫ్లూకోనజోల్ వేసుకుంది, రెండోది పూత వచ్చినప్పుడే. మందుకు లొంగని పూత మొదటి గుంపులో 4.1 శాతం మందికి, రెండో గుంపులో 4.3 శాతం మందికి వచ్చింది. తేడా లేనట్టే. కానీ వాళ్లకు హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు అందుబాటులో ఉన్నాయి, ఆ సంగతి మరిచిపోకూడదు.

అందుకే నేను వచ్చినప్పుడే వాడమంటాను, ఏఆర్‌టీ మాత్రం ఒక్క పూట కూడా తప్పకుండా. సీడీ4 పెరిగితే పూత తనంతట తానే అరుదవుతుంది. తరచూ వచ్చి తిండి మానేసే పరిస్థితి ఉంటే వారానికి మూడుసార్ల పద్ధతి గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. పూత కొద్దిగా, నోటి వరకే ఉంటే క్లోట్రిమజోల్ చప్పరింపు బిళ్లలు చాలు. అన్నవాహిక దాకా వెళ్తే అవి చాలవు.

ఫ్లూకోనజోల్ రెండు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే మోతాదు సొంతంగా పెంచుకోవద్దు. టీబీకి వాడే రిఫాంపిసిన్ వల్ల ఒంట్లో ఫ్లూకోనజోల్ తగ్గిపోయి ఉండొచ్చు. కల్చర్ (పూత నమూనాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయిస్తే ఏ జాతి కాండిడానో తెలుస్తుంది. క్రూసీ అనే కాండిడా అయితే ఫ్లూకోనజోల్‌కు పుట్టుకతోనే లొంగదు. అప్పుడు ఇట్రాకొనజోల్ ద్రావణం, పోసాకొనజోల్, అవీ కుదరకపోతే సెలైన్‌లో ఎక్కించే మందులు ఉన్నాయి. ఇట్రాకొనజోల్ ద్రావణాన్ని ఖాళీ కడుపుతో తాగాలి. రిటోనావిర్ లాంటి హెచ్ఐవీ మందులు దాని మోతాదును ఒంట్లో పెంచేస్తాయి కాబట్టి, వాడుతున్న ప్రతి మాత్ర పేరూ ముందే డాక్టర్‌కు చెప్పండి.