రాయగడ వైపు టైటానియం రాడ్లు, ఆర్గాన్ కొనేవాళ్లు జాగ్రత్త

రాయగడ, గుణుపూరు, జయపురం వర్క్‌షాపుల వాళ్లకు హెచ్చరిక. హై ప్యూరిటీ అని చీటీ కట్టిన ఆర్గాన్ (వెల్డుకి గాలి తగలకుండా కాపాడే గ్యాస్) సిలిండర్, గ్రేడ్ 2 టైటానియం అని చెప్పిన ఫిల్లర్ రాడ్లు (అతుకులో కరిగించే కడ్డీలు) ఒకే దుకాణంలో కొని మోసపోయాం. వెల్డు చల్లారుతుండగానే టక్కుమని పగిలింది. ఇలాంటప్పుడు అందరూ వెల్డర్ చేతినే తిడతారు. ముందు సరుకు చూడండి.

రాడ్ల మోసం పట్టడానికి కంసాలి తూకం చాలు. 2.4 మి.మీ. మందం, మీటరు పొడవున్న టైటానియం రాడ్డు సుమారు 20 గ్రాములు తూగాలి. 36 గ్రాముల దగ్గర చూపిస్తే అది స్టెయిన్‌లెస్. కిలోకి దాదాపు 49 రాడ్లు రావాలి, 28 వచ్చాయంటే కట్ట అక్కడే వెనక్కి ఇచ్చేయండి. అయస్కాంతం పరీక్ష నమ్మొద్దు, చాలా రకాల స్టెయిన్‌లెస్ కూడా దానికి పెద్దగా అంటదు. అయితే తూకంతో గ్రేడ్ 2 (కల్తీ లోహం కలవని టైటానియం), గ్రేడ్ 5 (వేరే లోహాలు కలిపిన టైటానియం) తేడా తెలియదు. దానికి రాడ్డు మీద ఈఆర్‌టీఐ-2 ముద్ర (గ్రేడ్ 2 ఫిల్లర్ రాడ్డు గుర్తు), దాంతో కలిసే హీట్ నంబరు (లోహం పోత నంబరు) ఉన్న టెస్ట్ సర్టిఫికెట్ అడగాల్సిందే.

స్టెయిన్‌లెస్‌లో ఎక్కువ భాగం ఇనుమే. ఇనుము, టైటానియం కలిసి కరిగితే గాజులా పెళుసైన పదార్థం పుడుతుంది. చల్లారేటప్పుడు ముడుచుకునే లాగుడుకే అది చిట్లుతుంది. టైటానియం పైపుకి స్టెయిన్‌లెస్ ఫ్లాంజ్ (పైపు కొసకి ఉండే బోల్టు రంధ్రాల చక్రం) నేరుగా అతికించమని అడిగే పార్టీలు ఇప్పటికీ ఉన్నారు. ఒప్పుకోకండి, బోల్టులతో బిగించే జాయింటే దారి.

ఇక గ్యాస్. టైటానియం 430 డిగ్రీలు దాటిందంటే గాలిలోని ఆక్సిజన్‌ని, నైట్రోజన్‌ని, తేమలోని హైడ్రోజన్‌ని పీల్చేసుకుని గట్టిపడి పెళుసవుతుంది. అందుకే 99.999 శాతం ఆర్గాన్ కావాలి. సిలిండర్‌కి నెమలిపింఛం నీలం రంగుంటే లోపల ఆర్గాన్ అని మాత్రమే అర్థం, అది ఎంత శుద్ధమో రంగు చెప్పదు.

బిల్లు కట్టే ముందు ఈ పరీక్ష అడగండి. అసిటోన్‌తో తుడిచిన టైటానియం ముక్క మీద ఆర్క్ కొట్టి, రూపాయి బిళ్లంత మడుగు కరిగేదాకా టార్చ్ కదపకుండా పట్టాలి. ఆర్క్ ఆపాక కూడా 25 సెకన్లు గ్యాస్ పోనిస్తూ అక్కడే ఉంచాలి. మధ్య మచ్చ వెండిలా మెరిస్తే గ్యాస్ మంచిది. లేత గడ్డి రంగు ఫరవాలేదు. నీలం, ఊదా వస్తే అనుమానించాలి. బూడిద రంగో, తెల్లటి పొడో వస్తే సిలిండర్ ముట్టుకోవద్దు. మచ్చ చుట్టూ గ్యాస్ కప్పని చోట రంగుల వలయం కనిపించడం మామూలే, దానికి కంగారు వద్దు.

పరీక్షలో రంగు మారితే దుకాణదారుడు "మీ గొట్టం లీకు" అంటాడు. ఆ మాటా నిజం కావచ్చు. అందుకే మంచిదని తెలిసిన సిలిండర్‌తో, అదే టార్చ్‌తో ఒకసారి చూసుకుని వెళ్లండి. నట్ల మీద సబ్బు నీళ్లు రాయండి, బుడగలు వస్తే అక్కడ లీకు. వానాకాలంలో పాత రబ్బరు గొట్టం గుండా తేమ లోపలికి చేరుతుంది, దాన్ని మార్చేయండి. సిలిండర్ ఒత్తిడి 20 బార్లకు దిగాక దాన్ని స్టెయిన్‌లెస్ పనికి వాడుకోండి.

ఇంకో మాయ ఉంది. నీలం పడిన వెల్డుని వైర్ బ్రష్‌తో తోమి తళతళలాడించి చూపిస్తారు. గీతలున్న మెరుపు వెల్డింగ్ మెరుపు కాదు. అలాంటప్పుడు 3 మి.మీ. మందం టైటానియం పట్టీలను అతికి, వైస్‌లో పట్టి మెల్లగా వంచండి. మంచిదైతే వంగుతుంది, చెడ్డదైతే విరుగుతుంది.

మన వైపు తప్పులుంటే ఈ పరీక్షలన్నీ దండగే. టార్చ్‌కి 19 మి.మీ. గ్యాస్ లెన్స్ (గ్యాస్‌ని సమంగా పారించే జల్లెడ) కప్పు పెట్టండి, నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు వదలండి, పైపు లోపలి వైపు కూడా ఆర్గాన్ నింపండి. రాడ్డు కొస వేడిగా గాలిలోకి వస్తే కత్తిరించి పారేయండి. ఇనుము మీద వాడిన గ్రైండర్ రాయి ఇక్కడ పెట్టొద్దు.

బిల్లు మీద ప్యూరిటీ అంకె, సిలిండర్ నంబరు, బ్యాచ్ నంబరు రాయించుకోండి. "రాయం" అన్న చోట కొనకండి. అవి రాసి ఉంటేనే సిలిండర్ వెనక్కి ఇచ్చేటప్పుడు గట్టిగా మాట్లాడగలరు.