టీకాల నిల్వకు ఐఎల్ఆర్, ఇంటి ఫ్రిజ్: ఒక పోలిక

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలను ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్‌లో, అంటే ఐఎల్ఆర్‌లో ఉంచుతారు. చిన్న క్లినిక్కుల్లో మాత్రం మామూలు ఇంటి ఫ్రిజ్ కనిపించడం అరుదేమీ కాదు. రెండింటిలోనూ నిలపవలసిన ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్.

ఐఎల్ఆర్ మూత పైకి తెరుచుకుంటుంది. చల్లని గాలి బరువైనది కనుక మూత తీసినా చాలావరకు లోపలే నిలుస్తుంది. నిలువు తలుపున్న ఇంటి ఫ్రిజ్‌ను తెరిస్తే అదే గాలి మన కాళ్ల మీదికి జారిపోతుంది. పైగా ఐఎల్ఆర్ గోడల వెంబడి మంచు పొర ఉంటుంది కాబట్టి రోజుకు 8 గంటలే కరెంటు ఉన్నా చల్లదనం తగ్గదు.

చాలామంది వేడికే భయపడతారు గాని, నా దృష్టిలో గడ్డకట్టడమే ఎక్కువ ప్రమాదకరం. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), హెపటైటిస్ బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకు) వంటి టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. అవి ఒకసారి గడ్డకడితే, తర్వాత కరిగించినా పోయిన శక్తి తిరిగి రాదు, సీసా మీద రంగు మారే వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) గుర్తు వేడి ప్రభావాన్ని చూపుతుందే తప్ప ఈ నష్టాన్ని చూపదు. ఇంటి ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు ఆనుకున్న అర ఇలా గడ్డకట్టించే చోటే. తలుపు అరలేమో త్వరగా వెచ్చబడతాయి. ఐఎల్ఆర్‌లోనూ అడుగు భాగం అతి చల్లన కనుక, పోలియో చుక్కలు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) కింద, గడ్డకట్టకూడనివి పైన బుట్టల్లో ఉండాలి.

ఇంటి ఫ్రిజ్ చవకే. అది తప్పనిసరైతే కొద్దిపాటి నిల్వను మధ్య అరలోనే ఉంచి, భోజనం డబ్బాలను అందులోకి రానివ్వకూడదు. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత నమోదు చేయడం మాత్రం, సెలవు రోజుల్లో సైతం, రెండింటికీ తప్పదు.