అలారం మోగే మాత్రల డబ్బా: మూడు నెలలు వాడాక

అమ్మ మలక్‌పేటలో, నేను గచ్చిబౌలి ఆఫీసులో. మాత్ర వేసుకున్నావా అని నేను పొద్దునా రాత్రీ ఫోన్ చేయడం, "వేసుకున్నానురా, ప్రాణం తీయకు" అని ఆవిడ పెట్టేయడం రెండేళ్లుగా నడుస్తోంది. పొద్దున 7కి బీపీ మాత్ర, 8:30కి టిఫిన్ అయ్యాక షుగర్‌కి మెట్‌ఫార్మిన్, రాత్రి మళ్లీ మెట్‌ఫార్మిన్, దాంతోపాటు కొలెస్ట్రాల్‌ది. ఇన్ని వేసుకుంటున్నా బీపీ ఎందుకు దిగట్లేదో తెలియక, విసుగొచ్చి 3,200 పెట్టి ఈ డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించా. కంపెనీ పేరు రాయను, ఇదే డబ్బాని రంగు మార్చి నాలుగు పేర్లతో అమ్ముతున్నారు.

వారానికి 28 గళ్లు. టైమ్‌కి అలారం మోగుతుంది, మూత తీస్తే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, నెలాఖరుకి శాతం లెక్క. వినడానికి బాగానే ఉంది.

మొదటి రోజే తంటా. 7కి మూత తీస్తే యాప్‌లో 9:30 అని పడింది, 8:30ది 11 అని. రెండున్నర గంటల తేడా ఏంటా అని బుర్ర గోక్కున్నాక తట్టింది, అది చైనా టైమ్! కస్టమర్ కేర్‌కి చేస్తే "సింక్ అవుతుంది సార్" అని మూడుసార్లు చెప్పారు, అవ్వలేదు, చివరికి యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే దారికొచ్చింది. యాప్‌లో తెలుగు లేదు. అలారం ఒకటే గోల, సౌండ్ తగ్గించే వీలే లేదు.

మొదటి నెల రిపోర్టు 90 శాతం. నేను ఫుల్ ఖుష్. అదే వారం ఇంట్లో బీపీ చూస్తే 160. ఆదివారం చీరలు వాషింగ్ మెషీన్‌లో వేస్తుంటే ఒకదాని కొంగు ముడిలో నాలుగు మాత్రలు దొరికాయి. అడిగితే, "పూజలో కూర్చున్నప్పుడు కొట్టుకుంటుంది, నోరు మూయించడానికి మూత తీస్తా, తర్వాత వేసుకుందామని ముడేస్తా, మర్చిపోతా." అంటే నేను 3,200 పెట్టి కొలిచింది మూతని, అమ్మని కాదు.

ఇది ఈ చవక డబ్బా తప్పేం కాదు, నిజానికి. పరిశోధనల్లో దశాబ్దాలుగా వాడుతున్న మెమ్స్ అనే చిప్పు మూతల సీసాలదీ ఇదే బాధ, తెరిచిన తేదీ, టైమ్ తెలుస్తాయి, మింగారో లేదో తెలియదు. మన దేశంలో టీబీ మందులకి తెచ్చిన 99డాట్స్ పద్ధతిలో, మాత్ర నొక్కి తీస్తే వెనక దాగిన నంబరు బయటపడుతుంది, దానికి మిస్డ్ కాల్ ఇవ్వాలి. తెలివైన పద్ధతే, కానీ మాత్ర తీసి కాల్ ఇచ్చి కొంగున కట్టుకుంటే? అమెరికాలో 2017లో సెన్సర్ ఉన్న మాత్రకే అనుమతిచ్చారు, కడుపులోకి వెళ్లాక ఒంటికి అంటించిన పట్టీకి సిగ్నల్ ఇస్తుంది. అమ్మకి చెప్తే "కడుపులో సీసీ కెమెరా ఏంట్రా" అంది.

కానీ ఒక్క విషయంలో డబ్బాకి పూర్తి మార్కులు. మూత తీసిందంటే నమ్మలేం గానీ, తీయలేదు, మాత్ర లోపలే ఉంది అంటే మాత్రం నమ్మొచ్చు. రెండో నెల లిస్టు కూర్చుని చూస్తే, గురువారం 7 గంటల గడి నాలుగు వారాలూ తీయలేదు, అదే రోజు 8:30 గడి మాత్రం తీసుంది. గురువారం ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికెళ్లి, అట్నుంచి అటే బస్సులో ఈసీఐఎల్‌లో పిన్ని వాళ్లింటికి వెళ్తుంది. ఆ బీపీ మాత్రలో ఒంటికి పోయించే మందు కూడా కలిసి ఉంది. "అంతసేపు బస్సులో కూర్చోవాలి, మధ్యలో వస్తే ఎక్కడ దిగనురా?" అంది. రెండేళ్లు రోజూ ఫోన్ చేశాను, ఈ ముక్క ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంకో తమాషా, డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఐదు రోజులూ ఒక్క గడి కూడా తప్పలేదు! అక్కడ బీపీ ఎప్పుడూ బాగానే ఎందుకు ఉంటుందో ఇప్పుడర్థమైంది. అమ్మనొక్కదాన్నే అనడానికీ లేదు, దీర్ఘకాలిక జబ్బుల మందులు చెప్పినట్టు వాడేవాళ్లు ధనిక దేశాల్లోనే సగటున సగం మంది అని 2003లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసింది.

లిస్టు ప్రింట్ తీసి డాక్టర్‌కి చూపించాం. ఆయన నవ్వి, గురువారాలు ఇంటికొచ్చాక వేసుకోమన్నారు (అది అమ్మ సంగతి, మీరు మీ డాక్టర్‌నే అడగండి). ఇప్పుడు డబ్బాతో పాటు నెలకోసారి స్ట్రిప్పులు కూడా లెక్కపెడుతున్నా. మొన్న 30కి రెండే మిగిలాయి. ఆ లెక్కకి పైసా ఖర్చు లేదు.

నా రేటింగ్ 5కి 3. మతిమరుపు మనుషులకి పనికొస్తుంది, మొండివాళ్లకి కాదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ లాంటివి ఇందులో పోయకండి, వాటి సీసాలోనే ఉంచాలి. చార్జింగ్ పిన్ పాత మైక్రో యూఎస్‌బీ, ఇంట్లో పాత కేబుల్ ఉంటే పారేయకండి, వాళ్లిచ్చింది నెలకే పోయింది.