ఒంటిచేత్తో మడిచే స్ట్రోలర్: చాన్నాళ్ళు వాడాక నా మాట

మడిచి విమానం లోపలికి తీసుకెళ్ళగలిగే పిల్లల బళ్ళు, అంటే ఈ రకం కేబిన్ స్ట్రోలర్ల గురించి ఎవరు రాసినా మొదట చెప్పేది ఒకటే, ఒంటిచేత్తో మడవొచ్చు అని. నేనూ ఆ ఒక్క మాట చూసే కొన్నాను. బాబుతో మొదటి విమాన ప్రయాణం. తోడు ఎవరూ లేరు. వాడికింకా రెండేళ్ళు నిండలేదు కాబట్టి వేరే సీటు లేదు, నా ఒళ్ళోనే కూర్చోవాలి. అలాంటప్పుడు బండి మడవడానికి మిగిలేది ఒక్క చెయ్యే కదా. ఇప్పుడు వాడు స్కూలు బ్యాగు తగిలించుకునే వయసుకొచ్చాడు. ఇంతకాలం వాడాక చెప్పేదేమిటంటే, మడవొచ్చు, నిజమే. కాకపోతే బండి ఖాళీగా ఉండాలి, నేల చదునుగా ఉండాలి, వెనక ఎవరూ లైన్లో ఉండకూడదు.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే పద్ధతిలో మడిచే బళ్ళు చాలా కంపెనీలవి ఉన్నాయి. బెల్టు, వెనక్కి వాలే సీటు, కింద బుట్ట, ఇవన్నీ ఏ బాక్స్ మీద చూసినా ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. కొలత ఒక్కటి మాత్రం చూసుకోండి. విమానంలో సీట్ల పైన అరలో పడుతుందని అమ్మే బళ్ళు చాలావరకు విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా సూచించిన 56×45×25 సెంటీమీటర్ల లెక్కకు తగ్గట్టు ఉంటాయి. అది సూచన మాత్రమే, ఎయిర్‌లైన్‌ని బట్టి రూల్ మారుతుంది. 55×40×20 దాటితే ఒప్పుకోనివీ ఉన్నాయి. కొలత సరిపోయినా, ఆ రోజు విమానం నిండుగా ఉంటే తలుపు దగ్గరే తీసుకుని విమానం కింద సామాన్లు పెట్టే చోటికి పంపేయొచ్చు. కాబట్టి పైన అర మీద మరీ ఆశ పెట్టుకోవద్దు.

ప్రయాణానికి ముందు ఇంట్లో గట్టిగానే రిహార్సల్ చేశాను. బాబును చంకనేసుకుని హాల్లో మడవడం, విప్పడం, మళ్ళీ మడవడం. హ్యాండిల్ మధ్యలో ఉన్న బటన్ నొక్కి, పక్కనున్న మీట లాగితే చాలు, బండి తనంతట తనే ముడుచుకుపోయి టక్కుమని లాక్ పడుతుంది. పడిపోకుండా నిలబడుతుంది కూడా. ఆ టక్కుమనే చప్పుడుకు వాడు ప్రతిసారీ చప్పట్లు కొట్టేవాడు. ఆ సంబరంలో వీడియో తీసి తెలిసినవాళ్ళందరికీ పంపాను, కళ్ళు మూసుకుని కొనేయమని.

సెక్యూరిటీ దగ్గర కూడా పరువు నిలబెట్టింది. అక్కడ పిల్లల్ని దింపి, బండి మడిచి ఎక్స్‌రే బెల్టు మీద పెట్టమంటారు. అందులో పట్టని పెద్ద బళ్ళను పక్కకు తీసి చేత్తో తనిఖీ చేస్తారు. మాది ఇట్టే లోపలికి వెళ్ళిపోయింది. పక్క లైన్లో పెద్ద బండితో తంటాలు పడుతున్న ఇద్దరిని చూసి లోలోపల కాస్త పొంగిపోయాను, ఎందుకు దాచడం.

అసలు కథ ఏరోబ్రిడ్జిలో జరిగింది. టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా ఉండే ఆ దారి చాలాచోట్ల ఏటవాలుగా ఉంటుంది. మామూలుగా నడుస్తున్నప్పుడు ఎవరమూ పట్టించుకోం. చక్రాలున్న వస్తువు చేతిలో ఉన్నప్పుడే తెలుస్తుంది, వదిలితే చాలు అది మనకంటే ముందు విమానం ఎక్కేలా ఉంటుంది. తలుపుకు కొంచెం ఇవతల బండి మడిచి ఇవ్వమన్నారు. బాబును ఎత్తి చంకనేసుకున్నాను. అటు పదకొండు కిలోల పిల్లాడు, ఇటు భుజాన డైపర్ల బ్యాగు. బండి జారిపోకుండా కాలితో బ్రేక్ వేసి, బటన్ నొక్కి మీట లాగాను. సగం దాకా వంగి ఆగిపోయింది. విప్పి మళ్ళీ నొక్కాను. మళ్ళీ సగమే. వెనక జనం పెరుగుతున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. మావాడేమో చప్పట్లు కొట్టడానికి చేతులు రెండూ ఎత్తి ఎదురుచూస్తున్నాడు. ఎంతకీ ఆ టక్కుమనే చప్పుడు రాకపోయేసరికి మూతి ముడిచి ఏడుపు అందుకున్నాడు. వెనకున్న ఒక పెద్దావిడ "పిల్లాణ్ణి ఇలా ఇవ్వమ్మా" అని చేతులు చాచింది. వాడు ఇంకా గట్టిగా నా మెడ కరుచుకున్నాడు. చివరికి అక్కడ బళ్ళు తీసుకుంటున్న అబ్బాయి వచ్చి, బూటు కొసతో బ్రేక్ తీసేసి, ఒక్క తోపు తోశాడు. టక్కుమంది. అప్పుడు కొట్టాడు మావాడు చప్పట్లు, ఏడుస్తూనే.

తర్వాత తీరిగ్గా చూస్తే సంగతి అర్థమైంది. ఈ బండి ముడుచుకోవాలంటే వెనక చక్రాలు దొర్లుకుంటూ ముందు చక్రాల దగ్గరికి రావాలి. బ్రేక్ వేస్తే ఆ రెండూ బిగుసుకుపోతాయి, కింద కార్పెట్ ఉంటే మరీ కదలవు. ఇంట్లో నున్నటి నేల మీద బ్రేక్ అవసరమే రాదు. ఏరోబ్రిడ్జిలో బ్రేక్ వేయకపోతే బండి పోతుంది, వేస్తే మడతపడదు. మాన్యువల్ మొత్తం తిరగేశాను. బ్రేక్ వేసి మడవాలో తీసి మడవాలో ఒక్క ముక్క లేదు. ప్రత్యేకంగా విమాన ప్రయాణాల కోసమని అమ్మే వస్తువును, దాన్ని తప్పకుండా మడవాల్సిన ఆ ఒక్క చోట ఎవరూ మడిచి చూడలేదా అని ఇప్పటికీ నా కోపం. ఆ తర్వాత నుంచి బండిని వాలుకు అడ్డంగా తిప్పి, బ్రేక్ లేకుండానే మడిచేదాన్ని. దాదాపు ఎప్పుడూ మడతపడేది. హ్యాండిల్‌కు సంచి తగిలించి ఉన్నా, కింద బుట్టలో నీళ్ళ సీసా మిగిలిపోయినా మాత్రం మడతపడదు.

కిందికి పంపే బండికి కట్టే ట్యాగ్ గురించి కూడా అడిగి తెలుసుకోండి. దిగిన చోట విమానం తలుపు దగ్గరే ఇస్తారా, లేక సామాను వచ్చే బెల్టు మీద వస్తుందా అన్నది అక్కడే తేల్చుకోవాలి. మాకు మొదటిసారి బెల్టు దగ్గరే దొరికింది. నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని అంత దూరం నడిచేటప్పుడు, చేత్తో మడిచామా కాలితో మడిచామా అన్నది ఎవరికి కావాలి?

ఇంత తిట్టాను గానీ, ఈ బండి చేసిన మేలు ఒకటుంది, నేను అస్సలు అనుకోనిది. ప్రయాణానికి ముందు కొన్నాళ్ళు వాణ్ణి అలవాటు కోసమని మధ్యాహ్నాలు ఇందులోనే పడుకోబెట్టేదాన్ని. విమానం బాగా ఆలస్యమైన ఒక రోజు, అనౌన్స్‌మెంట్ల గోల మధ్య, ఆ లైట్ల కింద, పైన ఒక పల్చటి దుప్పటి కప్పగానే హాయిగా నిద్రపోయాడు. గాలాడేలా దుప్పటిని ఒకవైపు తెరిచే ఉంచి పక్కనే కూర్చున్నాను. మొదటి ప్రయాణం కోసం నేను కొన్న బొమ్మలు, స్టిక్కర్లు, చెవులకు పెట్టే హెడ్‌ఫోన్స్ (పెట్టిన వెంటనే పీకేశాడు) ఏవీ ఇంత పని చేయలేదు. విమానం కిందికి దిగుతున్నప్పుడు చెవులు పట్టేయకుండా సిప్పర్‌తో నీళ్ళు పట్టడం ఒక్కటే దీనితో పోటీకి వస్తుంది. వాడు ఎదిగాక కాళ్ళు కిందికి వేలాడేవి, తల పైకప్పుకు తగిలేది, ఆ నిద్ర సుఖం పోయింది.

బరువు ఆరు కిలోలే అని మొదట్లో నేనే అందరికీ చెప్పుకున్నాను. భుజానికి తగిలించుకునే పట్టీ కూడా ఉంది. వాడు నడిచినంతసేపు ఆ ఆరు కిలోలు బరువనిపించవు. ఎత్తుకోమని మారాం చేసినప్పుడు లెక్క మారిపోతుంది. చిన్న చక్రాలు లిఫ్ట్ గుమ్మం సందులో ఇరుక్కుంటాయి. ఎస్కలేటర్ మీదికి స్ట్రోలర్ తీసుకెళ్ళకూడదు కాబట్టి లిఫ్ట్ తప్పదు.

మళ్ళీ కొంటానా అంటే, నేను ఒక్కదాన్నే చిన్నపిల్లాడితో వెళ్ళాల్సి వస్తే బహుశా ఇదే కొంటాను, ఇంతకంటే బాగా మడతపడేది నాకు కనబడలేదు కాబట్టి. ఎత్తుకోవడానికి ఇంకొకరు తోడుంటే ఒంటిచేతి మడత కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు, చక్రాలు పెద్దగా ఉన్నది చూసుకోండి. పిల్లకో పిల్లాడికో అప్పటికే మూడేళ్ళు దగ్గరపడుతుంటే అసలు కొనాలా వద్దా అని ఆలోచించాల్సిందే. షాపులో చూసేటప్పుడు బ్రేక్ వేసి ఒకసారి, హ్యాండిల్‌కు మీ బ్యాగు తగిలించి ఒకసారి మడిచి చూడండి. అమ్మేవాళ్ళు ఎప్పుడూ ఖాళీ బండినే మడిచి చూపిస్తారు.

మాది ఇప్పుడు మా చెల్లెలి దగ్గరుంది. అద్భుతంగా ఉందక్కా అంటోంది. వాళ్ళు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసే ప్రయాణం చేస్తారు, పైగా పిల్ల ఇంకా నడవడం లేదు. అందుకని ఆ మెచ్చుకోలును నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.