ఓటీటీ స్లాట్లు అమ్మే ఆ "అన్న" దగ్గర కొనకండి. కోడ్ అడిగితే ఊరు పేరు పెట్టి తిట్టాడు

మన తెలుగు సినిమా గ్రూపుల్లో "ఏడాది స్లాట్, నాలుగు యాప్‌లు, ఒకే రేటు" అంటూ ఒకే ఓటీటీ అకౌంట్‌ని చాలామందికి వాటాలుగా, అంటే స్లాట్లుగా, అమ్ముతున్నాడే, ఆ అన్న దగ్గర దయచేసి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఎవరి గురించి చెబుతున్నానో గ్రూపుల్లో ఉన్న అందరికీ తెలుసు. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆ వారం రిలీజుల పోస్టర్లు వరసగా పెట్టి, కింద "స్లాట్లు కొన్నే ఉన్నాయి, త్వరపడండి" అని రాసేది అతనే. పేరు రాయను, నంబరూ పెట్టను. జరిగింది మాత్రం మొత్తం రాస్తాను. నిన్న రాత్రి జరిగింది. తెల్లారినా కోపం తగ్గలేదు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటి పాతపట్నం వెళ్తే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బజారులో రెండూ, ఆఫీసులో ఒడియా, మా బతుకు ఇంతే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. థియేటర్ మెట్లు ఎక్కలేదు, మూడు గంటలు ఆ కుర్చీలో కూర్చోలేదు. ఏ సినిమా అయినా, ఏ సిరీస్ అయినా ఆవిడకి ఇంట్లో టీవీలోనే. అందుకే అతను చెప్పిన 1,400 రూపాయలు పంపాను. మా పేరుతో ఒక ప్రొఫైల్ చేసి ఇచ్చాడు, పాస్‌వర్డ్ ఇచ్చాడు. మొదట్లో బాగానే నడిచింది.

బాగా నడిచిన రోజుల్లో మేం చూసినవాటి గురించి ఇక్కడ చెప్పాలి. లేకపోతే నిన్న రాత్రి ఎందుకంత బాధపడ్డామో మీకు తెలీదు. మా అమ్మ నటుడు శివాజీ గారి అభిమాని. హీరోగా చేసిన రోజుల నుంచి కాదు, బిగ్ బాస్ ఏడో సీజన్ నుంచి. 2023లో ఆ సీజన్ ఫైనల్ దాకా రాత్రి భోజనం ముందే ముగించేసి మరీ కూర్చునేది. ఆయన మూడో స్థానంలో బయటికి వచ్చినప్పుడు ఓటేసినవాళ్ళందరి మీదా కోపం తెచ్చుకుంది. తర్వాత 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన నైంటీస్ సిరీస్ చూశాం. ఆరు ఎపిసోడ్లే. పైసా పైసా లెక్క చూసుకునే లెక్కల మాస్టారుగా ఆయన, భార్యగా వాసుకి గారు, ముగ్గురు పిల్లలు. ఆ పెద్దకొడుకు వేషం వేసిన మౌళి తర్వాత లిటిల్ హార్ట్స్‌లో హీరో అయితే, సొంత మనవడు ఉద్యోగంలో చేరినంత సంబరపడింది అమ్మ. "మన ఇంటి గుంటడే కదా" అంటుంది ఇప్పటికీ.

ఆ సిరీస్‌లో నాకు నచ్చింది ఒకటే. ఆ తండ్రి పిసినారి కాదు, భయం ఉన్న మనిషి. నెలాఖరు అంటే భయం, పిల్లల చదువంటే భయం. ఆ భయాన్ని శివాజీ గారు డైలాగులో పెట్టలేదు, చూపులో పెట్టారు. మా నాన్న కూడా అలాగే ఉండేవారు. అమ్మ చూస్తూ చూస్తూ మధ్యలో కొంగుతో కళ్ళు తుడుచుకుంటే, నేను చూడనట్టు ఊరుకున్నాను.

అదే మనిషి కోర్ట్ సినిమాలో మంగపతి అని తెలిసినప్పటి నుంచి అమ్మకి ఆత్రం. 2025 మార్చి 14న థియేటర్లకి వచ్చింది, ఏప్రిల్ నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. అమ్మ కంటి ఆపరేషన్, ఇంట్లో పెళ్ళి పనులు, ఇవన్నీ అయ్యేసరికి ఆలస్యమైంది. నిన్న రాత్రికి కుదిరింది. అక్క పిల్లలు వచ్చారు, వాళ్ళు పడుకున్నాక పెట్టాం.

సినిమా చూడనివాళ్ళ కోసం ముగింపు చెప్పను. 2013లో విశాఖపట్నంలో జరిగే కథ. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, పదిహేడేళ్ళ అమ్మాయి. పరువు అనే మాట పట్టుకుని ఆ అమ్మాయి మామ మంగపతి ఆ కుర్రాడి మీద పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసు పెట్టిస్తాడు. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబర్ 14న, అంటే కథాకాలానికి కొత్త చట్టం. దాని గురించి ఆ కుర్రాడి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు. పిల్లల్ని కాపాడటానికి వచ్చిన చట్టాన్ని డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందో దర్శకుడు రామ్ జగదీష్ చాలా తిన్నగా చూపించాడు. మొదటి సగంలో ప్రేమ భాగం కొంచెం సాగదీశారని నాకనిపించింది. కానీ ఆ పిల్లలిద్దరి అమాయకత్వం అంతసేపు చూపించబట్టే కేసు మొదలయ్యాక మనకి ఊపిరాడదు.

ఇక మంగపతి. అమ్మ మొదటి సీన్‌లోనే పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టేసింది. "ఏటే, ఈడు ఆ మేష్టారేనా?" అంది. అవునన్నాను. నమ్మలేదు. అతను ఇంట్లోకి అడుగుపెడితే ఆడవాళ్ళంతా గోడకి ఆనుకుని నిలబడే తీరు, అతను మాట్లాడుతుంటే ఎవరూ తల ఎత్తకపోవడం, అవి చూసి "ఇలాటోడు మన వీధిలో కూడా ఉన్నాడే" అంది. ఒక నటుడికి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఏముంటుంది? అదే మొహం, అదే గొంతు. ఒకచోట పిల్లల ఫీజుకి భయపడే తండ్రి, ఇంకోచోట పిల్లల్నే భయపెట్టే మామ. అమ్మ తిడుతూనే ఉంది, కన్ను మాత్రం తిప్పలేదు.

సెకండాఫ్‌లో పెద్ద లాయరు సాయికుమార్ దగ్గర జూనియర్‌గా పడున్న ప్రియదర్శి కేసు తీసుకుంటాడు. కోర్టులో వాదన మంచి పట్టు మీద ఉంది. అమ్మ కాళ్ళు కింద పెట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగిపోయింది. ఈ టీవీ ఈ అకౌంట్ ఉన్న ఇంటిది కాదు, కోడ్ కొట్టండి అని తెర మీద వచ్చింది.

ఇది అంతకుముందు కూడా వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక అకౌంట్ ఒకే ఇంట్లో వాడాలన్న రూలు 2023 జులై నుంచి మన దేశంలో ఉంది. ఇంటి బయట చూడాలంటే అకౌంట్ ఎవరిదో వాళ్ళ ఫోనుకో మెయిలుకో కోడ్ వెళ్తుంది. అది పదిహేను నిమిషాలే పనిచేస్తుంది. అంటే లాక్ పడిన ప్రతిసారీ ఆ అన్నకి మెసేజ్ పెట్టాలి, అతను చూడాలి, కోడ్ పంపాలి, మనం గబగబా కొట్టాలి. కొనేటప్పుడు ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. "లాక్ సమస్యే రాదు, ఫుల్ గ్యారంటీ" అన్న అతని మెసేజ్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

టైమ్ పదిన్నర దాటింది. "తమ్ముడూ, లాక్ పడింది, కోడ్ పంపగలవా, సినిమా చివర్లో ఉన్నాం, పెద్దావిడ చూస్తోంది" అని పెట్టాను. ఇంతకంటే మర్యాదగా ఎలా అడగాలో నాకు తెలీదు. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబు లేదు. కాసేపాగి ఫోన్ చేశాను, కట్ చేశాడు. మళ్ళీ మెసేజ్ పెట్టాను. అప్పుడొచ్చింది జవాబు. అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"మేడం రాత్రిపూట మీ అమ్మకి సినిమా చూపించడం నా డ్యూటీ కాదు. మీ ఒడిశా వాళ్ళకి స్లాట్ ఇవ్వడమే ఎక్కువ. ఒడియా సినిమాలు చూసుకోండి."

నేను దాన్ని చదువుతూనే ఉన్నాను. అమ్మ "ఏటన్నాడే? పంపుతాడటా?" అని అడుగుతోంది. ఏం చెప్పను? సర్వర్ పోయిందన్నాను.

ఒడియా సినిమాలు మేం చూస్తాం, ఇష్టంగానే చూస్తాం. అది తిట్టెలా అయింది? తెలుగు సినిమా చూడాలంటే మాకు ఎవరి పర్మిషన్ కావాలి? గిడుగు రామ్మూర్తి పంతులు గారు 1880లో బడిపంతులుగా చేరింది పర్లాకిమిడిలోనే. మన మాట్లాడే తెలుగునే పుస్తకాల్లో రాయాలని ఆయన పోరాడబట్టే ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మీరందరూ భాషా దినోత్సవం స్టేటస్‌లు పెడుతున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశాని విడి రాష్ట్రం చేసి గీత గీస్తే మేం ఇటువైపు పడ్డాం. నాలుక ఆ రోజు మార్చుకోలేదు. ఈ మాటలే అతనికి రాసి పంపాను. చదివాడు, బ్లాక్ చేశాడు.

అక్కడితో ఆగితే ఇంత పెద్ద పోస్ట్ రాసేదాన్ని కాదు. నన్ను గ్రూపులోంచి కూడా తీసేశాడు. పదినిమిషాల్లోపే అదే గ్రూపులో "ఒక స్లాట్ ఖాళీ అయింది, సీరియస్ బయ్యర్స్ మాత్రమే" అని పెట్టాడట. గ్రూపులో ఇంకా ఉన్న ఒక అక్క స్క్రీన్‌షాట్ పంపింది. అందులో ప్రొఫైల్ బొమ్మ నేను అమ్మ కోసం ఎంచుకున్నదే. ఇంకా నెలల గడువు ఉన్న మా స్లాట్‌ని, మా డబ్బు వాపసు ఇవ్వకుండా, మా కళ్ళెదురుగా ఇంకొకరికి అమ్మేశాడు. నాకు కడుపు మండింది అక్కడే.

రాత్రి నిద్రపట్టక నెట్‌ఫ్లిక్స్ రూల్స్ పేజీ అంతా చదివాను. పెద్ద ప్లాన్ తీసుకున్నా ఒకేసారి నాలుగు స్క్రీన్లే నడుస్తాయి, ప్రొఫైళ్ళు ఐదే. ఇతను ఒక్కో ప్రొఫైల్‌ని ఎంతమందికి అమ్ముతున్నాడో ఆలోచించండి. మా ప్రొఫైల్‌లో మేం ఎప్పుడూ చూడని కొరియన్ సిరీస్‌లు "కంటిన్యూ వాచింగ్"లో ఎందుకు కనిపించేవో ఇప్పుడు అర్థమైంది. శుక్రవారం రాత్రి అందరూ ఒకేసారి పెడితే ఎవరో ఒకరిది ఆగాల్సిందే. అకౌంట్ అసలు ఎవరిదో వాళ్ళు పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల్లోంచీ సైన్ అవుట్ కొడితే కొన్నవాళ్ళందరిదీ ఒకేసారి పోతుంది. తప్పు ఆ కంపెనీది కాదు, వాళ్ళు ముందే రాసి పెట్టుకున్నారు. గ్యారంటీ అని డబ్బు తీసుకున్నది ఇతను.

ఇంకో విషయం, ఇది అన్నిటికంటే ముఖ్యం. లాక్ సమస్య అడిగిన మరో ఆవిడకి ఇతను "ఈ యాప్ ఇన్‌స్టాల్ చేసుకోండి, కోడ్ అవసరం ఉండదు" అని ఒక ఏపీకే ఫైల్, అంటే ఫోనులో నేరుగా యాప్ పెట్టే ఫైల్ పంపాడు. ప్లే స్టోర్ లింక్ కాదు, వాట్సాప్‌లో వచ్చిన ఫైల్. అది ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ అడిగింది. సినిమా చూపించే యాప్‌కి మన మెసేజ్‌లతో ఏం పని? మెసేజ్‌లు చదివితే బ్యాంకు ఓటీపీలు కూడా దాని చేతికి వెళ్తాయి. ఆవిడ ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఆపేసింది. మీకు అలాంటి ఫైల్ వచ్చి ఉంటే తెరవకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి.

సొంత ప్లాన్ ఖరీదు అనుకుంటున్నారేమో. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబర్‌లో రేట్లు తగ్గించినప్పుడు ఫోనుకి మాత్రమే అయితే నెలకి 149, టీవీలో ఒక స్క్రీన్ అయితే 199 పెట్టింది. సినిమా ఉన్న నెలకే కట్టుకుని ఆపేసుకోవచ్చు. కొన్ని మొబైల్ రీఛార్జ్‌లతో ఓటీటీ కలిపి వస్తుంది, మీ నంబరుకి ఏముందో ఒకసారి చూసుకోండి. మేం ఈ పొద్దున అమ్మ పేరుతో సొంతంగా తీసుకున్నాం.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెడుతున్నాను. యూపీఐ లావాదేవీ నంబరు, చాట్ మొత్తం, ఆ "ఒక స్లాట్ ఖాళీ" స్క్రీన్‌షాట్ అన్నీ దాచాను. ఇతను యూపీఐ ఐడీలు మారుస్తుంటాడని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి ఇతనికి డబ్బు పంపినవాళ్ళు ఎవరైనా ఉంటే మీ దగ్గరున్న పేమెంట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చెయ్యకండి, మీరు కూడా విడిగా ఫిర్యాదు పెట్టండి. మొత్తం చిన్నదని వదిలెయ్యకండి. గ్రూపు అడ్మిన్లు ఇది చదువుతుంటే, అతన్ని ఈ రోజే తీసెయ్యండి.